తెలిసిన ఆకు

కళ్యాణి మేడం మా బడికి బదిలీ మీద వచ్చిన వారంలోనే పిల్లలు ఆమెకు పేరు పెట్టేశారు: ఎట్ల తెలుసు టీచర్. ఎవరు ఏం చెప్పినా ఆమె మొదటి మాట అదే. బస్సు ముందే వెళ్లిపోయిందని ఎవరైనా అంటే నీకెట్ల తెలుసు అంటుంది. పప్పు ఉడికిందని మధ్యాహ్న భోజనం వండే ఆమె అంటే నీకెట్ల తెలుసు అంటుంది. ఈసారి పదో తరగతి ఫలితాలు బ్రహ్మాండంగా ఉంటాయని హెడ్మాస్టరు గారు స్టాఫ్ మీటింగులో ప్రకటించినప్పుడు కూడా అడిగింది, కాకపోతే మీకెట్ల తెలుసు సార్ అని మర్యాదగా అడిగింది. ఆయన నీళ్ల సీసా అందుకున్నారు. అప్పటి నుంచి ఆమె ఎదురుపడితే చాలు, ఆయన నీళ్ల సీసా మూత తీసి తాగడం మొదలుపెడతారు.

నేను ఆ బడిలో తెలుగు చెబుతాను. పేరు ఎల్లస్వామి. బడి ఉన్న ఊరు నర్మెట్ట దాటాక వస్తుంది. ఊరి పేరు మాత్రం రాయను. రాస్తే వచ్చే దసరాకు అక్కడ నాకు చోటుండదు.

కళ్యాణిది డోర్నకల్. తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్. పట్టాల వెంట నడుస్తూ బోల్టులు తట్టి చూడడం ఆయన ఉద్యోగం. బిగిసినట్టు కనిపించే బోల్టు బిగిసి ఉందని నమ్మొద్దని ఇంట్లో అన్నం తింటూ చెప్పేవాడట. ఆయన చెప్పింది బోల్టు గురించే. కూతురు దాన్ని లోకమంతటికీ వర్తింపజేసుకుంది. భర్త వీరేందర్ జనగామ కరెంటాఫీసులో పనిచేస్తాడు, నెమ్మదస్తుడు. పెళ్లిచూపుల్లో ఆమె అడిగిన వాటిలో కొన్నింటికి తానింకా జవాబు ఆలోచిస్తూనే ఉన్నానని ఒకసారి నాతో అన్నాడు. నేనూ జనగామ నుంచే వస్తాను కాబట్టి రోజూ ఒకే బస్సులో పోతాం, వస్తాం. ఆమె మీద నాకు గౌరవం ఉంది. అయితే బస్సులో ఆమె పక్క సీటు ఖాళీగా ఉన్నా, ఒక్కోసారి నిలబడే వస్తాను.

కిందటి వానాకాలంలో ఆమె తొమ్మిదో తరగతికి పుస్తకంలో లేని పాఠం ఒకటి మొదలుపెట్టింది. ఒక ఆకునో మాంసం ముక్కనో చూపించి ఇది ఏ జాతిదో దాని జన్యువులను బట్టి చెప్పడం ఎలా అన్నది పాఠం. పరీక్షలో వస్తుందా అని హెడ్మాస్టరు గారు అడిగారు. రాదని చెప్పింది. మరెందుకు అని ఆయన అడగబోయి నీళ్లు తాగారు.

తొమ్మిదో తరగతికీ నా ఎనిమిదో తరగతికీ మధ్య గోడ సగం ఎత్తే ఉంది. అందుకని ఆ పాఠం మొత్తం నేనూ విన్నాను. ప్రతి ప్రాణి ఒంట్లోనూ, ప్రతి కణంలోనూ ఒక పొడుగాటి దారం ఉంటుందట. దాని మీద నాలుగే నాలుగు అక్షరాలు వరుసలు మార్చుకుంటూ పోతాయట. దారమంతా చదవనక్కర్లేదు. మొక్కల్లో అయితే ఒకచోటి ముక్క, జంతువుల్లో అయితే మరోచోటి ముక్క తీసుకుంటే చాలు. ఆ ముక్క జాతి మారితే మారుతుంది, ఒకే జాతిలో దాదాపు మారదు. దాన్ని చదివి, ఇప్పటిదాకా లోకంలో చదివి దాచిపెట్టిన ముక్కలతో పోల్చి చూస్తే పేరు దొరుకుతుంది. బిస్కెట్ పాకెట్ మీది నల్లగీతల మీద లైటు వేస్తే జనగామ దుకాణంలో కంప్యూటర్ పేరు చెప్పదా, అట్లాగే అంది. నాలుగు అక్షరాలతో వేపచెట్టునూ మేకనూ హెడ్మాస్టరునూ రాయొచ్చని ఆమె చెబుతుంటే గోడకివతల నాకు బాధ వేసింది. నేను యాభై ఆరు అక్షరాలు నేర్పినా మా పిల్లలు నర్మెట్టలో ఉన్న రెండు ఒత్తులూ మింగేస్తారు.

మరుసటి రోజు అరటిపండ్లు తెప్పించింది. పిల్లలు వాటిని కవర్లో వేసి పిసికారు. ఉప్పు, గిన్నెలు తోమే సబ్బునీళ్లు కలిపి, గుడ్డలో వడగట్టి, ఐస్‌క్రీం బండి డబ్బాలో చల్లబరిచిన స్పిరిట్‌ను పైన మెల్లగా పోశారు. కాసేపటికి తెల్లటి తీగలు పైకి తేలాయి. ఆ దారం ఇదేనని ఆమె చెప్పింది. చీమిడి లాగుందని వెనక బెంచీ వాళ్లు అన్నారు. చీమిడిలోనూ ఇదే ఉంటుందని ఆమె చెప్పింది. ఆ తర్వాత ఆ పాఠాన్ని మరిచిపోయినవాడు ఒక్కడూ లేడు.

బడిపిల్లలు నమూనాలు పంపితే ఉచితంగా పరీక్ష చేసి పెడతామని హైదరాబాదులో ఒక కాలేజీ ల్యాబు వాళ్లు ఒప్పుకున్నారు. ఎవరికి దేని మీద అనుమానముంటే అది తెమ్మని కళ్యాణి పిల్లలకు చెప్పింది. మా ఊళ్లో అనుమానాలకు కరువు లేదు. అంగట్లో ఐలమ్మ కొర్రమీను అని అమ్మే ఎండుచేప ఒకడు తెచ్చాడు. హోటల్ చాయ్‌పత్తాలో చింతగింజల పొట్టు కలుపుతారని ఒక పిల్ల అది తెచ్చింది. మేకమాంసమని తమ బావ పెళ్లిలో వడ్డించిన కూరలోంచి ఒకడు ముక్క దాచి తెచ్చాడు. అన్నింటినీ చిన్న కవర్లలో వేసి, తడి లాగేసే తెల్లగుండ్ల పొట్లాలు పక్కన పెట్టారు. కొత్త చెప్పుల డబ్బాల్లో తినరాదని రాసి ఉండే పొట్లాలే అవి. బడి మొత్తంలో ఆ ఏడాది చెప్పులు కొన్న వాళ్లందరినీ వెతికి పట్టుకున్నారు.

ల్యాబు వాళ్లు ఒక షరతు పెట్టారు. అనుమానపు నమూనాలతో పాటు, పేరులో ఎవరికీ ఏ అనుమానమూ లేని నమూనా ఒకటి పంపాలి. దాని పేరు సరిగ్గా వస్తే పిల్లల పని సరిగ్గా ఉన్నట్టు. రాకపోతే మిగతావేవీ నమ్మడానికి లేదు. ఈ ఊళ్లో ఎవ్వరికీ అనుమానం లేనిది ఏదో చెప్పమని కళ్యాణి తరగతిని అడిగింది. పిల్లలు తలలు దగ్గరికి చేర్చి గుసగుసలాడారు. తర్వాత అందరూ ఒక్కసారే అన్నారు: జమ్మి.

ఊరి జమ్మి కథ అక్కడ పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. పాత జమ్మిచెట్టు రోడ్డు వెడల్పులో పోయింది. మిషన్ వచ్చే ముందు రాజమౌళి అనే రైతు ఆ చెట్టు మొదట్లో మొలిచిన పిల్లమొక్కను వేళ్లతో సహా తవ్వి తెచ్చి, ఊరవతల గడ్డ మీద నాటాడు. చుట్టూ కంప కొట్టాడు. ఎండాకాలమంతా బిందెతో నీళ్లు మోశాడు. మేకలతో కొట్లాడాడు, మేకల యజమానులతో కూడా. చెట్టు ఎదిగింది. దసరా నాడు ఊరంతా డప్పులతో ఆ గడ్డకే పోతుంది. ఆ చెట్టు ఆకునే బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టి, పెద్దల కాళ్లు మొక్కి, ఆలింగనాలు చేసుకుని ఇంటికి వస్తారు. మొదటి ఆకు తెంపేది మాత్రం రాజమౌళే. సర్పంచు కూడా ఆయన తెంపేదాకా చేతులు కట్టుకుని నిలబడాలి. వేరే పదవి, పలుకుబడి ఏమీ లేని మనిషికి ఏడాదికి ఒకసారి వచ్చే మర్యాద అది. ఊరు ఆ చెట్టును మౌళి జమ్మి అంటుంది.

ఆయన మనవరాలు అక్షయ ఆ తొమ్మిదో తరగతిలోనే ఉంది. ఆకు నేనే తెస్తానని లేచి నిలబడింది. తెచ్చింది కూడా. కవరు మీద తాత పేరు రాయొచ్చా అని అడిగితే వద్దని, చెట్టు పేరు రాయమని కళ్యాణి చెప్పింది.

శ్రావణమాసంలో ఫలితాలు వచ్చాయి. ఐలమ్మ కొర్రమీను అచ్చంగా కొర్రమీనే. చాయ్‌పత్తా చాయ్‌పత్తానే. పెళ్లికూరలోది మేకే. అంతమందిని అనుమానించిన పిల్లలు కొంచెం నిరాశపడ్డారు. అనుమానం లేని జమ్మి మాత్రం జమ్మి కాదని వచ్చింది. వెల్తురు అని వచ్చింది.

వెల్తురు అంటే మా వైపు గట్ల మీదా, బీళ్లలోనూ పెరిగే ముళ్లచెట్టు. గొడ్డలికి పిడిగా వేసే కామకు గట్టిది, దడికి మంచిది. ఆకు చూస్తే జమ్మి ఆకులాగే సన్నగా, ఈకలాగా ఉంటుంది. దసరాకూ దానికీ ఏ సంబంధమూ లేదు.

తప్పు మనదే అయి ఉంటుందని కళ్యాణి పిల్లలకు చెప్పింది. కవర్లు మారి ఉంటాయి, చేతులు కడుక్కోకుండా పట్టుకుని ఉంటారు. ఈసారి ఇద్దరు పిల్లలను వేర్వేరుగా పంపి వేర్వేరు కొమ్మల ఆకులు తెప్పించింది. మళ్లీ పంపింది. మళ్లీ వెల్తురనే వచ్చింది. ఆమె చదివింది జంతుశాస్త్రం, చెట్టును కంటితో చూసి పోల్చుకునే చదువు కాదు. సెలవుకు జనగామలోనే ఉంటుంది కాబట్టి దసరా నాడు ఆ గడ్డ మీదకు ఎప్పుడూ రాలేదు కూడా. మరి నాకెందుకు తెలియలేదని మీరు అడగొచ్చు. నేను తెలుగు పండితుణ్ణి. శమీవృక్షం వచ్చే పద్యాలు నాకు నోటికి వచ్చు. తల ఎత్తి చెట్టును చూసింది లేదు.

రెండో ఫలితం వచ్చిన రోజు తరగతి అయిపోయినా అక్షయ బెంచీ మీంచి లేవలేదు. దసరా సెలవులకు ముందు తల్లిదండ్రులను పిలిచి ఈ ఫలితాలన్నీ పిల్లల చేతనే చదివించాలని ముందే అనుకున్నారు. జమ్మి ఫలితం చదవాల్సింది అక్షయ. అది చదివితే తాత ఇక మొదటి ఆకు తెంపే మనిషి కాడు. వెల్తురు మొక్కకు నీళ్లు పోసి ఊరందరి చేత మొక్కించినవాడు అవుతాడు. చదవకపోతే ఇన్నాళ్లూ నేర్చుకున్నదంతా అబద్ధం. ఆ పిల్లకు ఇదంతా ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. "మా తాతకు నేనే చెప్త, మీరు చెప్పకుండ్రి టీచర్," అంది. సరేనని కళ్యాణి మాటిచ్చింది.

పిల్లల నోళ్లు ఆగుతాయా. మన ఊరి బంగారం అసలుది కాదట అని ఎవడో ఆటోలో అన్నాడు. అది ఎక్కినచోట ఒక మాట, దిగినచోట ఒక మాట అయింది. పొద్దుగూకేసరికి ఊళ్లో బంగారప్పని చేసే అవుసలి సమ్మయ్య ఇంటి ముందు ఆడవాళ్లు గుంపు కట్టారు. పుస్తెలు, గుండ్లు, కమ్మలు మళ్లీ గీటురాయి మీద గీసి చూపించమన్నారు. తన బంగారాన్ని బడిలో ఎప్పుడు పరీక్ష చేశారో ఆయనకు అర్థం కాలేదు. మర్నాడు సమ్మయ్య బడికి వచ్చి, బడిలో పరీక్ష చేసింది ఏ బంగారమో వివరంగా చెప్పమని పిల్లలను వేడుకున్నాడు. విషయం విన్నాక మాత్రం ఆశ్చర్యపోలేదు. గొంతు తగ్గించి, అది వెల్తురని తనకు ఏనాడో తెలుసన్నాడు. మౌళన్న బాధపడతాడని ఎవరితోనూ అనలేదట. మీరూ అనకండని చెప్పి పోయాడు.

ఆ తర్వాత సర్పంచు మహిపాల్ వచ్చాడు. తాతల నాటి నుంచి భూములున్న ఇల్లు, మాట మెత్తన. ఫలితం దసరా దాటాక చదువుకోవచ్చు కదా అన్నాడు. కావాలంటే ఎక్కడినుంచైనా అసలు జమ్మికొమ్మ తెప్పించి చాటుగా ఆ చెట్టుకు కట్టిస్తాననీ, అప్పుడు అందరూ తెంపేది జమ్మే అవుతుందనీ అన్నాడు. అది వెల్తురని మీకెట్ల తెలుసు అని కళ్యాణి అడిగింది. పూత చూసినప్పుడే తెలిసిందట. ఊళ్లో ఇంకెవరికీ తెలియదు, రాజమౌళి కాకకు అసలే తెలియదు, ముసలాయన గుండె పగులుతుంది అన్నాడు.

అంగడి రోజు ఐలమ్మ కళ్యాణిని ఎండుచేపల గంప పక్కన కూర్చోబెట్టుకుని అదే చెప్పింది. గుడి అయ్యగారు అదే చెప్పారు. ఇంకెవరికీ తెలియదనే మాట కూడా అందరూ చెప్పారు. తిరుగు బస్సులో కళ్యాణి నా పక్కకు వచ్చి కూర్చుంది. "సార్, ఊరంతకు ఎరుకనే. ఎవ్వరికి ఎరుకలేదని ఎవరికి వాళ్లు అనుకుంటున్నరు," అంది. నాకు ఒళ్లు మండింది. ఒక మనిషిని బాధపెట్టకూడదని ఊరు ఊరంతా ముళ్లచెట్టుకు దండం పెడుతూ ఏళ్లు గడిపిందంటే అది మంచితనమో మొద్దుతనమో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

అక్షయ తాతకు చెప్పలేకపోయింది. రోజూ బడికి రాగానే ఇయ్యాల చెప్త అనేది. మధ్యాహ్నం అన్నం సగంలో వదిలేసేది. కళ్యాణి ఆ పిల్లను తొందరపెట్టలేదు. కానీ సెలవులు దగ్గర పడుతున్నాయి. నీళ్ల సీసా పక్కన పెట్టి మరీ హెడ్మాస్టరు గారు చెప్పారు, ఆ ఒక్క ఫలితం ల్యాబు తప్పని రాసేస్తే ఊరితో గొడవ ఉండదని. కళ్యాణి ఒప్పుకోలేదు. తప్పు రాయమంటే ఐలమ్మ కొర్రమీను మీద కూడా తప్పు రాయాల్సి వస్తుంది, ఆమెకేం సమాధానం చెబుతారని అడిగింది.

చివరికి రాజమౌళే వచ్చాడు. బడి విడిచే వేళ, తల మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకుని, తొమ్మిదో తరగతి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపల కళ్యాణి, అక్షయ ఉన్నారు. సగం గోడకివతల నేనున్నాను. వెళ్లిపోవాల్సింది, వెళ్లలేదు.

"మా పిల్ల అన్నం తింటలేదు మేడం. ఏందంటే చెప్తలేదు. జమ్మి ముచ్చటేనా?"

కళ్యాణి అక్షయ వైపు చూసింది. పిల్ల తల దించుకుంది. ఇక దాచడం కుదరదని ఇద్దరికీ తెలిసింది.

"ఔ బాపు. రెండుసార్లు పంపించినం. అది జమ్మి కాదని వచ్చింది."

"ఎల్తురు," అన్నాడు రాజమౌళి.

కళ్యాణి అలవాటు చొప్పున నీకెట్ల తెలుసు అంది. అని నాలుక కరుచుకుంది.

"పూత వచ్చింది గద బిడ్డ. సగం పసుపు, సగం గులాబి. జమ్మికి గట్ల పూస్తదా? జమ్మి మొదట్ల మొలిచింది గద, జమ్మి పిల్లనే అనుకున్న. ఏ పిట్ట గింజ ఏసిపోయిందో."

మొదటిసారి పూత వచ్చేనాటికే ఊరు ఆ చెట్టుకు ఆయన పేరు పెట్టేసింది, ఆయనను ముందు నిలబెట్టేసింది. చెబుదామని రెండుసార్లు పంచాయతీ దాకా పోయి తిరిగి వచ్చాడట. అక్కడ మహిపాల్ ఆయనకు చాయ్ తాగించి పంపాడట. ఆ తర్వాత మరి పోలేదు. ఇదంతా చెబుతూ ఆయన నేల వైపే చూశాడు.

"గప్పటి సంది దసరా అంటే నాకు జరమొచ్చినట్లే. మొదటి ఆకు తెంపెటప్పుడు ఎవ్వరి మొకం సూడ. వయసు మీద పడి సూపు తగ్గిందనుకుంటరు. గిది ఎల్తురు గదనే అని ఎవడో ఒకడు అంటడని భయం. ఇంటికొచ్చి తలుపు పెట్టుకున్నంకనే పాణం నిమ్మలమైతుండె."

అక్షయ ఏడుపు ఆపుకోలేకపోయింది. "నాకన్న చెప్పకపోతివి తాత," అంది.

"నీకెట్ల చెప్పాలెనే. ఊళ్లె అందరికంటె ఎక్కువ సంబురం నీదే ఉండె."

అప్పుడు కళ్యాణి ఆయనకు మిగతాది కూడా చెప్పింది. ఊళ్లో ఈ సంగతి తెలియనివాళ్లు లేరనీ, ఆయన బాధపడతాడనే ఎవరూ అనలేదనీ చెప్పింది. రాజమౌళి తల ఎత్తాడు. మహిపాల్‌కు కూడా తెలుసా అని అడిగాడు. తెలుసంది. సమ్మయ్యకు? తెలుసంది. ఆయన మెత్తబడతాడని నేను గోడకివతల అనుకుంటున్నాను. ఆయనకు కోపం వచ్చింది. నేను ఎరిగినంతలో రాజమౌళికి కోపం రావడం అదే మొదలు.

"మరి నన్నెందుకు ఇన్నేండ్లు భయానికి సంపిండ్రు?"

కళ్యాణి కుర్చీ లాగి ఆయన ముందు వేసింది. ఆయన కూర్చోలేదు.

ఆయన తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. ఫలితం తల్లిదండ్రుల మీటింగులో కాదు, జమ్మిగడ్డ మీదనే, దసరా నాడే చదవాలన్నాడు. చదివేది అక్షయే అన్నాడు. ఈలోగా అసలు జమ్మిని నాటుతానన్నాడు.

ఆ అసలు జమ్మి కోసం ఆయన పెట్టిన తిప్పలు అంతా ఇంతా కాదు. భూపాలపల్లి వైపు నర్సరీలో జమ్మి మొక్కలున్నాయని వీరేందర్ ఎవరినో అడిగి కనుక్కుంటే, కళ్యాణి ఆదివారం పూట పోయి ఒకటి ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చింది. మొక్క మోకాలెత్తు కూడా లేదు. రాజమౌళి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నర్సరీ వాళ్లు జమ్మి అని చీటీ కట్టి ఇచ్చారని ఆమె చెప్పింది. వాళ్లకెట్ల తెలుసు అని ఆయన అడిగాడు. కళ్యాణి ఒక రెమ్మ తుంచి, చెప్పుల డబ్బా పొట్లంతో పాటు కవర్లో వేసింది. ఫలితం వచ్చేదాకా ఆయన మొక్కను నేలలో పెట్టలేదు. ప్లాస్టిక్ సంచిలోనే పెరట్లో ఉంచి, కోడిపిల్లలు రాకుండా గంప బోర్లించాడు. ల్యాబు వాళ్లను కళ్యాణి ఎంతగా వెంటబడిందంటే, చివరికి వాళ్లే ఫోన్ చేసి జమ్మే తల్లీ అని చెప్పారు.

వెల్తురును నరికేయిద్దామని మహిపాల్ అన్నాడు. రాజమౌళి ఒప్పుకోలేదు. అదేం తప్పు చేసిందన్నాడు. దానికి కొంచెం ఎడంగా కొత్తమొక్కను నాటి, కంప కొట్టాడు.

ఆ దసరాకు నేను జనగామలో ఉండలేకపోయాను. కళ్యాణి కూడా వీరేందర్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. సాయంత్రం డప్పులు మోగుతుండగా ఊరంతా గడ్డ మీదకు చేరింది. పూజ అయ్యాక రాజమౌళి తల ఊపాడు. మైకు అక్షయ చేతికి ఇచ్చారు. ఆ పిల్ల కాగితం విప్పింది. ఏ ఆకు ఎప్పుడు తెంపారు, ఎట్లా ఎండబెట్టారు, ఎన్నిసార్లు పంపారు, ఏమని వచ్చింది, అంతా చదివింది. ఈ పెద్దచెట్టు వెల్తురు అంది. ఆ చిన్నమొక్క జమ్మి అంది. మా తాతకు ముందే ఎరుక, మీకు గుడ ఎరుక అంది. ఆ చివరి మాట ఎవరూ రాసిచ్చింది కాదు.

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సమ్మయ్య మొదట ఆశ్చర్యపోయినట్టు ముఖం పెట్టాడు. పక్కన అయ్యగారూ అదే ముఖం పెట్టి ఉండడం చూసి మానేశాడు. ఎవరో దగ్గారు. నీకు గుడ ఎరుకనానే అని ఐలమ్మ పక్కామెను అడిగింది. ఆమె అవునంది. అట్లా ఆ ప్రశ్న మెల్లమెల్లగా గడ్డ మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా పోయింది. నవ్వులు వచ్చాయి, ఆగాయి. ఇక అందరూ రాజమౌళి వైపు చూశారు. మొదటి ఆకు తెంపాల్సిన వేళయింది.

"నువ్వే తెంపాలె కాక," అన్నాడు మహిపాల్.

రాజమౌళి కంప పక్కకు జరిపి మొక్క దగ్గర కూర్చున్నాడు. ల్యాబుకు తుంచింది పోగా మిగిలినవి కొన్ని రెమ్మలు. ఊరందరికీ బంగారం పంచితే మొక్క ఉండదు. ఆయన ఒక్కడే తెంపినా ఒక రెమ్మ పోతుంది. ఆయన రెమ్మ మీద చేయి పెట్టాడు. ఈసారి తల ఎత్తి ఊరందరి వైపు చూశాడు. తెంపకుండా ఆకును అట్లాగే తడిమి, పిడికిలి మూసుకుని లేచాడు. వచ్చి మహిపాల్ చేతిలో ఆ ఖాళీ పిడికిలి తెరిచి పెట్టాడు.

"బంగారం తీస్కో," అన్నాడు.

మహిపాల్ రాజకీయాల్లో ఉన్నవాడు, ఖాళీ చేయి ఇవ్వడం ఆయనకు అలవాటే. తీసుకోవడం అదే మొదటిసారి అనుకుంటాను. రెండు చేతులూ పట్టి తీసుకున్నాడు. వంగి ముసలాయన కాళ్లు మొక్కి, గట్టిగా కావలించుకున్నాడు.

ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చి, మొక్కను వేళ్ల కొసలతో తాకి, ఖాళీ చేతులు ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుంటూ బంగారం, బంగారం అనుకోవడం మొదలుపెట్టారు. నేను సమ్మయ్యకు ఇచ్చాను. కళ్యాణి ఐలమ్మకు ఇచ్చింది. మొక్క మీది ఆకు ఒక్కటి కూడా తగ్గలేదు. తెలుగు పండితుణ్ణయినా అప్పుడు ఒక్క పద్యం గుర్తు రాలేదు.

అందరిదీ అయ్యాక అక్షయ వచ్చింది. మొక్కను తాకి, ఆ చేయి తాత చేతిలో పెట్టి, కాళ్లకు మొక్కింది. ఆయన పిడికిలి మూశాడు. దాన్ని అంగీ జేబులోకి దించి, వేళ్లు తెరిచి, మెల్లగా బయటికి తీశాడు. జేబు మీద అరచేయి ఆనించి పట్టుకుని, ఇంటికి చేరేదాకా అట్లాగే నడిచాడు.